కోపం తగ్గినా ఆటలో చేర్చుకోవడం లేదు

ప్రశ్న:
మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. ఆటలో ఓడిపోతే ఉక్రోషం పట్టలేక పక్కవారిని నెట్టేసేవాడు. కొంతకాలంగా కౌన్సెలర్ వద్దకు తీసుకువెళ్తున్నాము. ఇప్పుడు బాగా నెమ్మదించాడని టీచర్లు కూడా చెబుతున్నారు. అయినా తోటి పిల్లలు దగ్గరకు రానివ్వడం లేదు. ఎందుకిలా జరుగుతోంది?

మొదటి జవాబు:
ప్రవర్తన మారినంత త్వరగా పడిన పేరు పోదండి. కొట్టేవాడని ముద్ర పడిన పిల్లవాడి చేయి పొరపాటున తగిలినా కావాలనే కొట్టాడంటారు. అదే పని తమకు నచ్చినవాడు చేస్తే పట్టించుకోరు. రెండో వైపు కూడా చూడాలి. ఎదుటివారి ఉద్దేశం స్పష్టంగా తెలియని సందర్భాల్లో, దూకుడుగా ఉండే పిల్లలు దానిని శత్రుత్వంగా భావించే అవకాశం ఎక్కువని అమెరికన్ మనస్తత్వవేత్త కెన్నెత్ డాడ్జ్ 1980లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఇలా రెండు వైపులా అనుమానమే ఉన్నప్పుడు చిన్న తగాదా కూడా పాత అభిప్రాయానికి సాక్ష్యమవుతుంది. కాబట్టి కౌన్సెలింగ్ మీ అబ్బాయితోనే ఆగిపోతే చాలదు, తరగతిలోనూ పని జరగాలి.

రెండో జవాబు (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని):
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక తేడా చెప్పాలి. పిల్లలు వద్దనుకునే బిడ్డ వేరు, ఎవరి దృష్టిలోనూ పడని బిడ్డ వేరు. బిడియంతో, ఆందోళనతో ముడుచుకుపోయే పిల్లలు తరచుగా రెండో కోవలోకి వస్తారు, అల్లరి చేయరు గనుక మాకూ ఆలస్యంగా కనిపిస్తారు. మీ అబ్బాయిది మొదటి కోవలా ఉంది. అది తనంతట తాను సర్దుకుంటుందని వేచి చూడకండి. టీచరుతో మాట్లాడి, ఇద్దరు కలిస్తేనే పూర్తయ్యే పనిలో సౌమ్యుడైన ఒక పిల్లవాడిని జతచేయమనండి. అందరి ముందు “వాడిని చేర్చుకోండి” అని ఆదేశిస్తే మాత్రం ఆ ముద్ర ఇంకా గట్టిపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇంటి దగ్గర మేమేం చేయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
గుంపును కాక ఒక్క పిల్లవాడినే, కొద్దిసేపటికే పిలవండి. గెలుపోటములు లేని ఆట ఎంచుకోండి, విసుగు మొదలవక ముందే ముగించండి. ఆడుతున్న వారిలో చేరే పద్ధతి కూడా నేర్పాలి: కాసేపు చూసి, ఆట ఎటు సాగుతోందో గ్రహించి, దానికి తగినట్లు కలవాలే తప్ప వెళ్లగానే నియమాలు మార్చమనకూడదు. అందరికీ ఇష్టుడు కావడం ఇప్పుడు లక్ష్యం కాదు; పరస్పరం ఇష్టపడే ఒక్క స్నేహితుడు దొరికినా, మిగతావారి తిరస్కారం బిడ్డను అంతగా కుంగదీయదు.