ఫైర్‌మన్‌గా చేరితే ఆఫీసర్ కాగలమా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. డిగ్రీ పూర్తయింది. ఫైర్‌మన్‌గా చేరి పైకి రావచ్చా, నేరుగా స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పరీక్ష రాయడం మేలా?

జవాబు (రిటైర్డ్ లీడింగ్ ఫైర్‌మన్): రెండు దారులూ ఉన్నాయి బాబూ. ఫైర్‌మన్, లీడింగ్ ఫైర్‌మన్, ఆపై స్టేషన్ ఆఫీసర్. 2018లో పోలీసు నియామక మండలి నేరుగా కూడా తీసుకుంది. డిగ్రీ ఉంది కనుక ఆ పరీక్ష వదలకు.

అయితే ఆఫీసర్ అంటే ఏమిటో నేను ఒక గడ్డివామి దగ్గర చూశాను. పైమంట ఆరగానే గొట్టాలు చుట్టబోయాం. మా ఆఫీసర్ ఆపారు. పంగలకర్ర తీసుకుని ఆయనే వామి విప్పారు. లోపల నిప్పు ఎర్రగా కణకణలాడుతోంది! తెల్లవారేదాకా తడిపాం. బండెక్కే ముందు మమ్మల్ని పేరుపేరునా పిలిచి లెక్క చూసుకున్నారు. అలాంటివాడి వెనుక ఎక్కడికైనా వెళ్తాం.

మరో జవాబు: తమ్ముడూ, ఆపైన అసిస్టెంట్ జిల్లా ఫైర్ ఆఫీసర్, జిల్లా ఫైర్ ఆఫీసర్ పోస్టులున్నాయి. అగ్నిమాపక అధికారులకు శిక్షణనిచ్చే జాతీయ కళాశాల నాగపూర్‌లో ఉంది. అది 1956లో రాంపూర్‌లో మొదలై, తర్వాత అక్కడికి మారింది.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. స్టేషన్ లోపలికి రానిస్తారా?

జవాబు (రిటైర్డ్ లీడింగ్ ఫైర్‌మన్): ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు. అప్పుడు వెళ్లి అడుగు. నీళ్లు నిండిన గొట్టం ఒకసారి పట్టుకుని చూడు.