మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సిపాయి: కంచు ఫలకం మీద పేరొక్కటే ఉంది, మరణ తేదీ ఎలా కనుక్కోవాలి?

మా తాతగారి పినతండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో పోయారు. ఇప్పటి ఇరాక్‌లోని బస్రా దగ్గరని ఇంట్లో చెప్పుకుంటారు. తిథి తెలియక ఇప్పటికీ మహాలయ అమావాస్యకే తర్పణం వదులుతున్నాం. ఊరు ఇప్పుడు విజయనగరం జిల్లా, అప్పట్లో విశాఖపట్నం జిల్లా.

ఉన్న ఆధారం ఒక్కటే. బ్రిటిష్ ప్రభుత్వం మృతుల కుటుంబాలకు పంపిన గుండ్రటి కంచు ఫలకం, అడ్డంగా 12 సెంటీమీటర్లు, బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకగా వేసే స్త్రీమూర్తి), సింహం బొమ్మలతో. చావులో హెచ్చుతగ్గులు ఉండకూడదని వాటి మీద హోదా వెయ్యలేదు, ఉత్త పేరే. ఉద్దేశం మంచిదే కానీ మాకు పటాలమూ తెలియలేదు, నంబరూ తెలియలేదు. పైగా ఇంటిపేరు లేదు, ఆ పేరేమో ఉత్తరాంధ్రలో వీధికి నలుగురికి ఉంటుంది.

యుద్ధ మృతుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో స్పెల్లింగులు మార్చి మార్చి వెతికాను. చాలామంది వస్తున్నారు, మావారెవరో తేలడం లేదు. బస్రా స్మారకం 40 వేల మందికి పైగా మృతులది. అందులో భారతీయుల్లో అధికారుల పేర్లే చెక్కారు, మామూలు సిపాయిలు రెజిమెంటు వారీ అంకెలు మాత్రమే. ఇండియా గేటు మీది 13 వేల పైచిలుకు పేర్లలోనూ చూశాను, అవి ఎక్కువగా వాయవ్య సరిహద్దులో పోయినవాళ్లవి. మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజనీరింగ్ దళం) అయ్యుండొచ్చని నా ఊహ, వాళ్ల కంపెనీలు మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) పనిచేశాయి. పాత రికార్డుల కోసం ఒకచోటికి రాస్తే ముందు సర్వీసు నంబరు చెప్పమన్నారు!

సర్వీసు నంబరు లేకుండా, ఊరు పేరు, తండ్రి పేరు పట్టుకుని అప్పటి సిపాయి మరణ తేదీ కనుక్కున్నవాళ్లుంటే, మీకది ఏ రికార్డులో దొరికింది?