చెయ్యి కదలట్లేదని నర్స్ రాశారు, డాక్టర్ రాయలేదు. ఎర్బ్స్ పాల్సీ (పుట్టేటప్పుడు మెడ దగ్గరి నరాలు దెబ్బతిని చెయ్యి చచ్చుబడటం) కోడ్ వేయొచ్చా?

కర్నూలు_నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. కర్నూలులో ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ (ఛార్టులో రాసిన జబ్బులకు కోడ్ నంబర్లు వేసే పని) చేస్తున్నా, అమెరికా ప్రాజెక్టు, అప్పుడే పుట్టిన పిల్లల ఛార్టులకు మారి రెండు నెలలైంది. మొన్న వచ్చినదాంట్లో బిడ్డ బరువు 4.1 కిలోలు, వ్యాక్యూమ్ పెడితే తల వచ్చింది గానీ భుజం ఇరుక్కుంది. కుడి చెయ్యి కదపట్లేదని, మోరో రిఫ్లెక్స్ (ఉలిక్కిపడి చేతులు చాచడం) కుడివైపు రావట్లేదని నర్సులు మూడు షిఫ్టుల్లోనూ రాశారు. కాలర్‌బోన్ ఎక్స్‌రే నార్మల్. డిశ్చార్జ్ సమ్మరీలో మాత్రం సెఫాల్‌హెమటోమా (తల ఎముక మీద రక్తం చేరిన వాపు) అని ఒక్క మాటే ఉంది. నేను జడ్38.00 (పుట్టుక కోడ్), పి12.0 (ఆ తల వాపుకి), వాటితో పాటు పి14.0 (ఎర్బ్స్ పాల్సీకి) వేశా, భుజం ఇరుక్కున్నందుకు ఓ66.0 కూడా. ఆడిట్‌లో చివరి రెండూ తప్పన్నారు. చెయ్యి కదలట్లేదని కళ్లముందు కనిపిస్తుంటే తీసేయడానికి మనసు ఒప్పట్లేదు.

అనంతపురం_ఆడిటర్:
తమ్ముడూ, ఓ66.0 తల్లి రికార్డుది. ఓ కోడ్లు బిడ్డకు రావు, పి కోడ్లు తల్లికి పోవు, ఇది మాత్రం ఎప్పటికీ మరవొద్దు. ఇక పి14.0 సంగతి. జబ్బు పేరు పెట్టాల్సింది డాక్టరే. నర్స్ రాసింది ఎంత నిజమైనా దాన్నుంచి మనం డయాగ్నోసిస్ అల్లకూడదు, కానీ అలాగని వదిలేయమనీ కాదు, డాక్టర్‌కి క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పంపు. అందులో "ఇది ఎర్బ్స్ పాల్సీయేనా?" అని అడగొద్దు, అది జవాబు నోట్లో పెట్టినట్టు అవుతుంది. నర్స్ నోట్సు తేదీ, టైముతో పెట్టి, ఎక్స్‌రే రిపోర్టు పెట్టి, వీటికి సంబంధించిన డయాగ్నోసిస్ ఏమైనా ఉంటే రాయమని అడుగు. క్వెరీ పంపకుండా కోడ్ తీసేస్తే ఆ బిడ్డకు అన్యాయమే. రేపు మూడో నెలలో ఫిజియోథెరపీకి తీసుకొస్తే, పుట్టినప్పటి రికార్డులో ఆ ఊసే ఉండదు.

కడప_స్టాఫ్‌నర్స్:
నేను కోడర్‌ని కాను, కడపలో పిల్లల వార్డులో డ్యూటీ. "చెయ్యి కదలట్లేదు" అని రాసి వదిలేయడం మా వైపు తప్పే అనిపిస్తుంది నాకు. భుజం లోపలికి తిరిగిందా, మోచెయ్యి చాచి ఉందా, మణికట్టు మడిచి ఉందా, అరచేతిలో వేలు పెడితే పట్టుకుంటోందా, ఇవన్నీ రాయాలి. పట్టు ఉండి పైభాగం కదలకపోతే ఒక రకం, పట్టే లేకపోతే ఇంకో రకం. తల వాపూ అంతే. ఎముకల అతుకు దగ్గర ఆగితే సెఫాల్‌హెమటోమా, అతుకు దాటి మెత్తగా పుట్టగానే కనిపిస్తే కాపుట్. కాపుట్ ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, సెఫాల్‌హెమటోమాకి వారాలు పడుతుంది, కామెర్లు వస్తాయేమో కనిపెట్టుకోవాలి కూడా.

అనంతపురం_ఆడిటర్:
సిస్టర్ చెప్పింది కోడింగ్‌కీ పనికొస్తుంది. కాపుట్‌కి పి12.81 ఉంది, కానీ పరీక్షో, చికిత్సో, ఎక్కువ రోజులు ఉంచడమో, ప్రత్యేకంగా కనిపెట్టుకోవడమో జరిగితేనే వేయాలి. పుట్టగానే కనిపించే ప్రతి వాపునీ కోడ్ చేస్తూ పోకూడదు.

కర్నూలు_నైట్‌షిఫ్ట్:
అన్నా, సిస్టర్, థాంక్స్. ఇప్పుడే క్వెరీ పంపా, మూడు షిఫ్టుల నోట్సూ టైముతో పెట్టి. ఎర్బ్స్ అనే మాట ఎక్కడా రాయలేదు. ఓ66.0 తీసేశా, పి14.0ని జవాబు వచ్చేదాకా ఆపి ఉంచా.