సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్నాను, యాక్సెసరీల్లో ముందు ఏవి కొనాలి, ఏవి వద్దు?

గుడివాడబ్బాయి:
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఒక 2019 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి, నెలకో రెండు నెలలకో ఒకసారి విజయవాడ మీదుగా గుడివాడకి, నాన్న, అమ్మ, మా ఆవిడ, మూడేళ్ల పాపతో. యాక్సెసరీల షాపుకి వెళ్తే ఆయన ఒక కాగితం మీద సీట్ కవర్లు, నల్ల ఫిల్మ్, ఎల్‌ఈడీ బల్బులు, ముందర బుల్ గార్డు (బంపర్ ముందు బిగించే ఇనుప చట్రం), పెద్ద స్క్రీను, మ్యాట్లు అన్నీ రాసి మొత్తం ముప్పై వేల దాకా చెప్పాడు. నా దగ్గర ప్రస్తుతానికి పన్నెండు వేలకి మించి లేవు. వీటిలో నిజంగా పనికొచ్చేవి ఏవో, అసలు వేయించకూడనివి ఏవో కాస్త చెప్పండి. రాత్రిపూట హైవే మీద పంక్చరైతే పాపనీ పెద్దవాళ్లనీ పెట్టుకుని ఏం చేయాలన్నదే నాకు అన్నిటికంటే పెద్ద టెన్షన్.

గ్యారేజ్_సూర్యాపేట:
తమ్ముడూ, షాపు సంగతి తర్వాత, ముందు డిక్కీ తెరువు. లోపలి మ్యాట్ ఎత్తి స్టెప్నీ ఉందా, అందులో గాలి ఉందా, జాకీ, జాకీ రాడ్డు, వీల్ పానా, బండిని లాగడానికి బంపర్లో బిగించే కొక్కెం, ఎర్ర ట్రయాంగిల్ ఉన్నాయా చూడు. సెకండ్ హ్యాండ్ బండ్లలో వీటిలో ఏదో ఒకటి తరచూ మాయమై ఉంటుంది. మా దగ్గరికి క్రేన్ మీద వచ్చే కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉంటుంది, కానీ దాంట్లో గాలి ఉండదు, లేకపోతే పానా ఉండదు.

తర్వాత టైర్లు. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని లెక్క. అమ్మినాయన టైర్లు మార్చాడో లేదో ఆ అంకెలే చెప్తాయి, స్టెప్నీకి కూడా చూడు. టైరు గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు, టైరు అరిగి వాటితో సమానమైతే ఇక మార్చడమే. అరగకపోయినా పక్కన సన్నగా పగుళ్లు వచ్చిన టైరుని నమ్మొద్దు.

గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, అదే నీ లెక్క, గాలి కొట్టే కుర్రాడు చెప్పేది కాదు. అయిదుగురూ సామానూ ఉంటే వెనక టైర్లకి వేరే అంకె ఇచ్చి ఉంటుంది, ఊరెళ్లేటప్పుడు అది చూసుకో. ఎండాకాలం గాలి తగ్గించి కొట్టాలని చాలామంది చెప్తారు, అది పూర్తిగా తప్పు. గాలి తక్కువైతే టైరు పక్కభాగం తిరిగిన ప్రతిసారీ వంగుతూ వేడెక్కుతుంది, స్పీడులో పగిలేది అందుకే. బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఇందుకోసం ఒక గేజి, కారు సాకెట్‌కి తగిలించే చిన్న గాలి పంపు కొను, రెండు మూడు వేల లోపు వస్తుంది. నన్నడిగితే నీ మొదటి ఖర్చు ఇదే.

బెజవాడ_రోడ్డు:
పైన గ్యారేజ్ అన్నగారు చెప్పినవి నూటికి నూరుపాళ్లు నిజం. నేను పాప గురించి రాస్తాను, ఎందుకంటే మీ షాపాయన రాసిచ్చిన కాగితంలో చైల్డ్ సీటు లేదు, మీ ప్రశ్నలోనూ లేదు. మూడేళ్ల పిల్లకి పెద్దవాళ్ల బెల్టు మెడ దగ్గరికి వస్తుంది, నానమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సడన్ బ్రేక్ పడినప్పుడు ఏ చేతులూ పట్టి ఆపలేవు. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం కూడా పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ ఉండాలి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. వెనక సీటులో కూర్చునే మెత్తకీ వీపు ఆనే మెత్తకీ మధ్య సందులో చెయ్యి పెట్టి చూడండి, గట్టిగా రెండు ఇనుప కడ్డీలు తగిలితే ఐసోఫిక్స్ (చైల్డ్ సీటుని తగిలించే ఏర్పాటు) ఉన్నట్టు, చైల్డ్ సీటు టక్కుమని వాటికే పట్టేస్తుంది. లేకపోతే బెల్టుతో బిగించే రకం తీసుకోండి, బిగించాక సీటుని పట్టుకుని ఊపితే అటూ ఇటూ కదలకూడదు. ముందు సీట్లో మాత్రం పెట్టకండి.

సీట్ కవర్లు వేయించేముందు ముందు సీట్ల పక్కన కుట్టు దగ్గర ఎయిర్‌బ్యాగ్ అని చిన్న గుడ్డ ట్యాగ్ ఉందేమో చూడండి. ఉంటే సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటులోంచే వస్తుంది, దాని మీద మందపాటి రెక్సిన్ కవర్ బిగిస్తే అది బయటికి రాలేదు. మీ మోడల్లో లేకపోతే కవర్లు మీ ఇష్టం, అవి అందానికే. బెల్టు పెట్టకుండా అలారం ఆపే క్లిప్పులు కూడా కొన్ని షాపుల్లో ఊరికే చేతిలో పెడతారు, తీసుకోకండి. 2023లో వినియోగదారుల పరిరక్షణ అథారిటీ ఆన్‌లైన్ షాపింగ్ సైట్లలోంచి వాటిని తీసేయించింది కూడా.

ఇంకొకటి, డ్రైవర్ వైపు ఒకే మ్యాట్ ఉండాలి, కొక్కేలకి తగిలించి. పాత మ్యాట్ మీద కొత్తది వేస్తే జారి పెడల్ కిందకి పోతుంది. పాప నీళ్ల సీసా దొర్లి బ్రేకు కిందకి రాకుండా సీటు వెనక తగిలించే సంచీ ఒకటి కొనండి, చవకలో అయిపోతుంది.

కరెంటు_మనిషి:
బ్రదర్, ఎల్‌ఈడీ బల్బుల జోలికి వెళ్లకు. నీ కారుకి హాలొజెన్ హెడ్‌లైటు అయితే లోపల అద్దాన్ని ఆ ఫిలమెంటు ఉండే చోటుని బట్టి చేస్తారు, దాంట్లో ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో పడుతుంది, నీకు రోడ్డు మాత్రం అంతంత మాత్రమే. 60/55 వాట్ల చోట 100/90 బల్బు వేస్తే రిలే (ఎక్కువ కరెంటుని విడి వైరులో పంపే స్విచ్చు) లేకుండా హోల్డరు కరిగిపోతుంది, వైరింగ్ కాలిన వాసన వచ్చేదాకా తెలియదు. దానికి బదులు రెండు పనులు చెయ్. హెడ్‌లైటు ప్లాస్టిక్ పసుపెక్కి ఉంటే పాలిష్ కొట్టించు, తేడా నీకే తెలుస్తుంది. తర్వాత స్టీరింగ్ దగ్గర 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. వెనక ముగ్గురూ సామానూ ఎక్కితే బండి వెనక్కి కుంగి లైట్లు పైకి లేస్తాయి, అప్పుడు దాన్ని 2 మీదకో 3 మీదకో తిప్పితే వెలుగు మళ్లీ రోడ్డు మీదకి దిగుతుంది.

గాలి పంపు కొనేటప్పుడు వాట్లు చూడు. చాలా కార్లలో ఆ సాకెట్ 120 వాట్లకే, ఎక్కువ లాగే పంపు పెడితే ఫ్యూజ్ పోతుంది. ఇంజన్ ఆన్‌లో పెట్టి వాడు, ఒక టైరు అయ్యాక పంపుని కాసేపు చల్లారనివ్వు.

డాష్‌క్యామ్ మంచిదే, ప్రమాదం జరిగినప్పుడు ఎవరి తప్పో తేలాలంటే అంతకంటే సాక్ష్యం లేదు. కానీ మన ఎండలకి బ్యాటరీ ఉన్న కెమెరా ఉబ్బిపోతుంది, కెపాసిటర్ ఉన్నది అడిగి తీసుకో. కార్డు కూడా మామూలుది కాకుండా హై ఎండ్యూరెన్స్ అని రాసున్నది పెట్టు, ఎందుకంటే రోజంతా ఒకదాని మీద ఒకటి రాస్తూనే ఉంటుంది కాబట్టి మామూలు కార్డు త్వరగా పోతుంది. ఈ నెల బడ్జెట్‌లో మాత్రం పెట్టుకోకు, చైల్డ్ సీటు ముందు. అన్నట్టు ఎండలో పార్క్ చేసే కారులో పెర్ఫ్యూమ్ స్ప్రే డబ్బాలు, లైటర్లు వదిలేయకు.

ఎల్బీనగర్_టు_ఏలూరు:
బుల్ గార్డు వద్దే వద్దు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. గుద్దుకున్నప్పుడు దెబ్బని తీసుకోవాల్సిన ముందు భాగం పనిచేయదు, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడంలో తేడా రావచ్చు, ఎదురుగా నడిచే మనిషికి మరీ ప్రమాదం. నల్ల ఫిల్మ్ మీద సుప్రీం కోర్టు 2012లో ఇచ్చిన తీర్పు ఉంది, చలాన్లు పడుతూనే ఉంటాయి. పాపకి ఎండ తగలకుండా, ఆగినప్పుడు ముందు అద్దానికి పెట్టే మడత షేడ్ ఒకటి సరిపోతుంది.

ఎవరూ కాగితాల గురించి అడగలేదు కాబట్టి నేనే అడుగుతున్నా, ఇన్సూరెన్స్ నీ పేరు మీదకి మారిందా? యాజమాన్యం మారిన 14 రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి, లేకపోతే నీ బండికి జరిగిన నష్టం క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతావు. పాత ఓనర్ ఫాస్టాగ్ ఇంకా అద్దం మీద ఉంటే దాన్ని ఆయన చేత క్లోజ్ చేయించి నీ కేవైసీతో కొత్తది తీసుకో. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ ఏడాదికి లేదా 200 ట్రిప్పులకి, ఏది ముందైతే అది. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు టోల్‌గేట్లు, ఒక్కో గేటు ఒక్కో ట్రిప్పు కింద పోతుంది కాబట్టి రానూపోనూ ఆరు. నెలనెలా వెళ్లేవాడికి ఏడాదికి 72, అంటే పాస్‌లో ట్రిప్పులు మిగులుతాయి కూడా. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద మాత్రం అది చెల్లదు.

బెజవాడ_రోడ్డు:
ఇన్సూరెన్స్ మాట వచ్చింది కాబట్టి, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉందో లేదో చూసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో కార్లన్నీ మునిగాయి. నీళ్లు తగ్గాక చాలామంది వెంటనే సెల్ఫ్ కొట్టారు. సిలిండర్లోకి వెళ్లిన నీరు గాలిలాగా నొక్కుకోదు, పిస్టన్ పైకి వచ్చేసరికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఆ నష్టం మామూలు పాలసీలో రాదని తర్వాత తెలిసింది. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా బ్యాటరీ వైరు తీసి క్రేన్ పిలవడమే. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వానలు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

గుడివాడబ్బాయి:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. ఇన్సూరెన్స్ మార్పిడికి ఈ రోజే దరఖాస్తు పెట్టాను, గడువు లోపలే ఉంది. టైర్లు చూశాను, ముందు రెండు మార్చినట్టున్నారు, 4022 అని ఉంది. వెనక రెండూ, స్టెప్నీ 1419, వెనకవాటికి పక్కన సన్నటి పగుళ్లు కూడా కనిపిస్తున్నాయి. పానా లేదు. ఇప్పుడు రెండు టైర్లే మార్చగలను, షాపులో కొత్తవి ముందు వేయాలంటున్నారు, ఇంజన్ బలం ముందు చక్రాలకే కదా అని. అలాగే వేయించనా? పంక్చర్ కిట్ కూడా తీసుకోమంటారా?

గ్యారేజ్_సూర్యాపేట:
ఎంత చెప్పినా కొత్తవి వెనకే వేయించు తమ్ముడూ. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, యాక్సిలేటర్ వదిలితే మళ్లీ చేతికొస్తుంది. వెనక టైర్లు జారితే మాత్రం బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని పట్టడం అలవాటు లేనివాడి వల్ల కాదు. 4022వి ముందరే ఉండనివ్వు. స్టెప్నీ కూడా పాతదే కాబట్టి దాని మీద దూరం పోకు, పంక్చర్ షాపు దాకా నెమ్మదిగా వెళ్లడానికే వాడు.

పంక్చర్ కిట్ మంచిదే, టైరు నేలకి ఆనే చోట మేకు దిగితేనే. పక్క గోడకి కోత పడితే కిట్‌లోని ఏ రబ్బరు స్ట్రిప్పూ నిలవదు. రాత్రిపూట రోడ్డు పక్కన కూర్చుని కిట్‌తో కుస్తీ పట్టొద్దు. మేకు దిగిన ట్యూబ్‌లెస్ టైరు గాలి మెల్లగా దిగుతుంది కాబట్టి పంపుతో నింపి వెలుతురున్న బంకు దాకా పోవచ్చు. పూర్తిగా దిగిపోతే హజార్డ్ లైట్లు వేసి ఎడమ వైపు వీలైనంత లోపలికి ఆపి, ఇంట్లోవాళ్లని రెయిలింగ్ అవతల నిలబెట్టి, ట్రయాంగిల్‌ని కనీసం 50 మీటర్ల వెనక పెట్టు. టార్చి తలకి కట్టుకునేదైతే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నీవల్ల కాకపోతే 1033కి ఫోన్ చెయ్, అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ ఉంటుంది, గస్తీ బండి వస్తుంది.

ఒక ఆదివారం అపార్ట్‌మెంట్ కిందే నీ చేత్తో టైరు విప్పి బిగించు. హ్యాండ్‌బ్రేక్ వేసి గేరులో పెట్టి, బండి నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయాలి, లేపాక చేస్తే చక్రం తిరుగుతుంది. చెయ్యి చాలకపోతే పానా మీద కాలు పెట్టి తొక్కు. జాకీ ఎక్కడ ఆనించాలో డోరు కింద రేకు అంచుకి గుర్తులుంటాయి, మెత్తటి మట్టి అయితే కింద చెక్క పలక వేసుకో. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురు నట్లు బిగించాలి. మొత్తం బిగింపు బండి దించాకే. ఆ పానా కూడా బండితో వచ్చే పొట్టిది కాకుండా పొడుగు చెయ్యి ఉన్నది కొను, ఇంట్లోవాళ్లు కూడా తిప్పగలరు. కొత్త టైర్లు వేయించాక ఒక 50 కిలోమీటర్లు తిరిగి నట్లకి మళ్లీ పానా పెట్టి చూసుకో.