కామెర్లు తగ్గాక ఆపరేషనా, వెంటనే ఆపరేషనా?

ప్రశ్న – మిర్యాలగూడ
మా బాపుకు క్లోమం తలభాగంలో గడ్డ ఉన్నదని సీటీ స్కాన్‌లో తేలింది. కామెర్ల తీవ్రతను తెలిపే బిలిరుబిన్ 11, జ్వరం లేదు. ఇక్కడి డాక్టరు ముందు ఈఆర్‌సీపీ (నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి చేసే పద్ధతి) ద్వారా పిత్తనాళంలో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేయించుకొని నెల తర్వాత ఆపరేషన్‌కు వెళ్ళమంటున్నారు. హైదరాబాద్ సర్జన్ వారంలోనే విప్పుల్ ఆపరేషన్ (క్లోమం తలభాగాన్ని గడ్డతో సహా తీసేసేది) చేస్తానంటున్నారు. కండ్లు పసుపు ముద్దలా ఉన్న మనిషిని బల్ల ఎక్కించవచ్చునా?

జవాబు – మహబూబ్‌నగర్
ముందు స్టెంటే వేయించండి. కామెర్ల దురదకు మా మామయ్య గోకి గోకి దుప్పటికి రక్తం అంటేది. స్టెంట్ వేశాక వారం తిరగకముందే కంటినిండా నిద్రపోయారు. కామెర్లలో రక్తం సరిగా గడ్డకట్టదన్న సంగతి కూడా మరవకండి.

జవాబు – నల్లగొండ
అన్నగారి మాటతో నేను ఏకీభవించలేను. మా అక్కకు ఇలాగే స్టెంట్ వేస్తే, పన్నెండో రోజున పండ్లు కొట్టుకునేంత చలిజ్వరం వచ్చింది. నాళం మళ్ళీ మూసుకుపోయి, ఆపరేషన్ నెలకు పైగా వెనక్కి పోయింది. ఇది ఒక్క మా ఇంటి అనుభవమే కాదు. నెదర్లాండ్స్‌లో 202 మంది మీద జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ముందు స్టెంట్ వేసినవారిలో 74 శాతం మందికి తీవ్రమైన చిక్కులు రాగా, నేరుగా ఆపరేషన్‌కు వెళ్ళినవారిలో 39 శాతం మందికే వచ్చాయి. స్టెంట్ పడగానే పేగులోని సూక్ష్మక్రిములు పిత్తరసంలోకి దారి చేసుకోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. అయితే అప్పుడు వాడినవి ప్లాస్టిక్ స్టెంట్లు, లోహపు స్టెంట్లతో చిక్కులు తక్కువ. పైగా బిలిరుబిన్ సుమారు 15 దాటినవారిని అందులో చేర్చుకోలేదు.

రక్తం గడ్డకట్టకపోవడానికి కారణం, పిత్తరసం పేగులోకి రాక విటమిన్ కె ఒంటబట్టకపోవడం. దానికి చాలావరకు ఇంజెక్షన్ సరిపోతుంది. పిత్తనాళానికి ఇన్‌ఫెక్షన్ సోకినా, బిలిరుబిన్ మరీ పెరిగినా, ముందు కీమో ఇవ్వాలనుకున్నా, ఆపరేషన్ వారాల తరబడి ఆలస్యమయ్యేటట్లున్నా స్టెంట్ తప్పదు. మీ బాపు విషయంలో ఇవేవీ కనబడడం లేదు. కనుక వారంలో అన్న ఆ తేదీ ఖాయమేనా అని సర్జన్‌ను అడగండి. ఖాయమైతే నేను స్టెంట్ వద్దనే అంటాను.

జవాబు – మహబూబ్‌నగర్
మా మామయ్యకు బిలిరుబిన్ 19 ఉండె, ఆపరేషన్ తేదీ కూడా ఐదు వారాల తర్వాత దొరికింది. ఆ తేడాను నేను చెప్పి ఉండవలసింది. తేదీ ఒకవేళ వెనక్కి జరిగితే మాత్రం, బాపును ఆ గోకుడుతో వేచి ఉంచకండి; అప్పుడు లోహపు స్టెంట్ గురించి అడగండి.