రిపోర్టు రాయడం నేర్పాల్సింది ఇంగ్లిష్ శాఖా, బ్రాంచి వాళ్లా?

చర్చాంశం: హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీల్లో రాత, మాట నేర్పే పని దాదాపు ఇంగ్లిష్ శాఖదే. ఫైనలియర్ రిపోర్టు దగ్గరికొచ్చేసరికి పిల్లలు చేతులెత్తేస్తున్నారు. ఈ బాధ్యత సివిల్, ఈసీఈ లాంటి బ్రాంచి లెక్చరర్లు తీసుకోవాలా? ముగ్గురు లెక్చరర్ల మాటలివి; పేర్లకు బదులు ఊరు, శాఖ ఇచ్చాం.

కూకట్‌పల్లి సివిల్: తీసుకోవాలి. ఫస్టియర్‌లో రాయడానికి పిల్లల దగ్గర సొంత ఫలితమంటూ ఉండదు. కాలుష్యం మీద వ్యాసం రాయిస్తే వ్యాసమే వస్తుంది, రిపోర్టు రాదు. కాంక్రీట్ ల్యాబ్ సంగతి చూడండి. 150 మి.మీ. క్యూబులు మూడు, 28 రోజులకు పరీక్షిస్తే చ.మి.మీ.కి 26.2, 27.1, 19.8 న్యూటన్ల బలం వచ్చిందనుకుందాం. రికార్డులో ‘సగటు 24.4’ అని రాసి సంతకానికి పెడతారు. కాంక్రీట్‌కు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఏ క్యూబూ సగటుకు 15 శాతం మించి తేడాలో ఉండకూడదు. మూడోది దాదాపు 19 శాతం తక్కువ, కాబట్టి ఆ సగటు చెల్లదు. ఆ మాట రాయాలి, కారణం వెతకాలి. ‘లోడు త్వరగా పెంచడం వల్ల బలం తగ్గింది’ అని ఒకరు రాస్తారు. వ్యాకరణంలో తప్పు లేదు, విషయమే తలకిందులు: లోడు వేగంగా పెంచితే బలం ఎక్కువగా కనిపిస్తుంది. అచ్చులో కాంక్రీట్ కూరింపు (కంపాక్షన్) చాలలేదా, క్యూబు ముఖం చదునుగా లేదా అన్నది చూడాల్సింది. ఆ తప్పును ఇంగ్లిష్ మేడమ్ ఎలా పట్టుకుంటారు?

ఘట్‌కేసర్ ఇంగ్లిష్: పట్టుకోలేం సర్, ఒప్పుకుంటాను. కానీ బ్రాంచి ల్యాబ్‌లో రికార్డు దిద్దడమంటే చాలాచోట్ల రీడింగులు, గ్రాఫు చూసి టిక్కు కొట్టడమే. ‘డ్యూ టు’తో మొదలై క్రియ లేకుండా ఆగిపోయే వాక్యాన్ని, పద్ధతీ ఫలితమూ కలిసిపోయిన పేరాను ఎవరు చూస్తున్నారు? తెలుగు మీడియం పిల్లలు సీనియర్ల రికార్డు ఎక్కించేది చాలాసార్లు బద్ధకంతో కాదు, మొదటి వాక్యం ఎలా ఎత్తుకోవాలో తెలియక.

ఉప్పల్ ఈసీఈ: ఇద్దరూ ఒకే కాగితం చూడాలి. సెక్షన్‌కు 60 మంది, ఒక్కో పేజీకి 6 నిమిషాలంటే 6 గంటలు. అన్ని ప్రయోగాలకూ కుదరదు, సెమిస్టర్‌కు రెండు చాలు. అదీ ‘చర్చ’ భాగం మాత్రమే, 150 పదాలు. ముందు పక్కవాళ్లకు తెలుగులో చెప్పించండి. తర్వాత అక్కడే, ఫోన్లు పక్కన పెట్టించి, చేత్తో రాయించండి. సివిల్ సార్ ఆధారం చూస్తారు, మేడమ్ వాక్యం చూస్తారు. మార్కులు మాత్రం తిరగరాసిన ప్రతికే ఇవ్వాలి. మొదటి ప్రతికే ఇచ్చేస్తే దిద్దుబాటును ఎవరూ చదవరు.

ఘట్‌కేసర్ ఇంగ్లిష్: ఈ పద్ధతి నాకు సమ్మతమే. ఆ మార్కులు మాత్రం బ్రాంచి ల్యాబ్ ఇంటర్నల్స్‌లోనే కలవాలి. మా ఇంగ్లిష్ ల్యాబ్‌లో కలిపితే సెకండియర్ నుంచి పట్టించుకోరు.

కూకట్‌పల్లి సివిల్: 5 మార్కులు అటు కేటాయించవచ్చు మేడమ్. ‘థియరీ’ పేజీలు ఎక్కించడానికి ఇస్తున్న మార్కులు తీసేస్తే సరిపోతుంది.