సొంత లైనక్స్ హ్యాండ్‌హెల్డ్: స్క్రీన్, బటన్లు, మెనూ ఎలా?

ప్రశ్న: రాస్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో చేతిలో పట్టే గేమింగ్ డివైస్ కడుతున్నా. ఆడేది ఎక్కువగా నింటెండో వాళ్ల పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్ గేములే. 640×480 స్క్రీన్ చాలా? మెనూ కోసం డెస్క్‌టాప్ వేయాలా? బటన్లు నేరుగా జీపీఐఓకి (బోర్డు మీది సిగ్నల్ పిన్నులకి) కలిపేయొచ్చా?

జవాబు: ఆ గేముల అసలు రిజల్యూషన్ 240×160. 720×480 ప్యానెల్ దొరికితే సరిగ్గా 3 రెట్లు, అంచుల దాకా నిండుతుంది. 640×480లో 2 రెట్లే పడుతుంది, మిగతాదంతా నలుపు. పోనీ సాగదీద్దామా అంటే పిక్సెళ్లు ఒకటి లావు, ఒకటి సన్నం. స్క్రోలింగ్‌లో అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డెస్క్‌టాప్ ఎందుకండీ, దండగ బరువు! పాత గేములు ఆడించే రెట్రోఆర్చ్‌కి సొంత మెనూ ఉంది, అది కేఎంఎస్ (స్క్రీన్‌ని నడిపే లైనక్స్ కెర్నెల్ భాగం) మీద నేరుగా నడుస్తుంది.

ఇంకో జవాబు: బటన్లకి కెర్నెల్‌లోనే జీపీఐఓ-కీస్ డ్రైవర్ ఉంది, ఏ పిన్ను ఏ బటనో డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాలుండే ఫైల్‌లో) రాస్తే సరి. అనలాగ్ స్టిక్ పెడితే మాత్రం స్టిక్ వోల్టేజిని అంకెలుగా మార్చే ఏడీసీ చిప్ విడిగా కావాలి, రాస్‌బెర్రీ పైలో అది లేదు. అయస్కాంతంతో కదలికని పసిగట్టే హాల్ ఎఫెక్ట్ స్టిక్కే తీసుకోండి. సెన్సర్‌లో రాపిడి ఉండదు, అరిగిపోయి డ్రిఫ్ట్ (ముట్టుకోకుండానే స్టిక్ కదిలినట్టు చూపడం) వచ్చే బాధ తక్కువ.

అడిగినవారు: థాంక్సండీ. పవర్ బటన్ నొక్కితే స్లీప్‌లోకి వెళ్తుందా?

మొదట జవాబిచ్చినవారు: ఆ బోర్డుకి సస్పెండ్ (స్లీప్) లేదు. బటన్ నొక్కగానే సేవ్ స్టేట్ (గేమ్ ఆ క్షణంలో ఉన్న స్థితి) రాసి షట్‌డౌన్ అయ్యేలా పెట్టుకోండి. ఇక బూట్ టైమ్ తగ్గించడం మీద కూర్చోవాలి.